ఇచ్చోడ దారిలో ఒక గంట తేడా

ఉదయం ఐదింటికి కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఖర్చు రాసుకునే పని లేదు. సంచిలో కాగితాల కవరు, నిండా ఛార్జింగ్ పెట్టిన ఫోను, నాలుగు రొట్టెలు ఉన్నాయి.

ఈ ప్రయాణం మా తమ్ముడు శేఖర్ కోసం. దుబాయ్‌లో వాడు క్రేన్ వెనక్కి తీస్తుంటే తోటి పనివాడు దాని కింద పడి చనిపోయాడు. తమ్ముడిని జైల్లో పెట్టారు. పోయినతని భార్య రుక్మాబాయి ఇచ్చోడ దగ్గరి పల్లెలో ఉంటుంది. ఈరోజు దుబాయ్ టైము పదింటికి ఆమె వీడియోలో జడ్జి ముందు మాఫ్ చేశానని చెప్తే తమ్ముడు బయటికొస్తాడని, ఇదే ఆఖరి వాయిదా అని వకీలు చెప్పాడు. ఆమెది బటన్ల ఫోను, అందుకే లింకు నా ఫోనుకు వస్తుంది.

నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. పింఛనుకు వయసు సరిపోయిందా, పాస్‌పోర్టు గడువు ఇంకా ఎన్ని రోజులుంది, ఇవన్నీ కాలిక్యులేటర్‌లో వేసి చెప్పడమే నా బతుకుతెరువు. ఎవరైనా వేళ్ల మీద లెక్కపెడితే నాకు ఒళ్లు మండుతుంది. వాయిదా టైము కూడా ముందురోజే లెక్కవేసి, మనకు పన్నెండున్నర అని రుక్మాబాయికి చెప్పాను. పన్నెండింటికల్లా ఇచ్చోడ బస్టాండుకు వస్తానంది.

జగిత్యాలలో ఆరుంపావుకు టీ తాగాను. మెట్‌పల్లి దాటాక రొట్టెలు తీశాను గానీ తినకుండానే మళ్లీ సంచిలో పెట్టేశాను. తొమ్మిది ఇరవైకి నిర్మల్. అక్కడ బస్సు పావుగంట ఆగింది. తెల్ల రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఘాట్ ఎక్కుతుంటే ఎక్కడికని అడిగితే వాయిదా సంగతంతా చెప్పాను.

"పది గంటలకు వాయిదా అంటే మనకు పదకొండున్నర గద బిడ్డా. జల్ది పోవాలె," అన్నాడు.

"పన్నెండున్నర, కాకా. రెండున్నర గంటల తేడా."

"గది సౌదీకి. దుబాయికి గంటన్నరనే. పదేండ్లు జేసిన నేను ఆడ."

ఆయనకు తెలియదనుకుని, రుజువు చూపిద్దామని ఫోను తీశాను. నిన్నటి లెక్క అలాగే ఉంది. ఊరి పేరు దగ్గర రియాద్ అని ఉంది. తమ్ముడు పదకొండేళ్లు సౌదీలో చేశాడు. వాడి కోసం మా ఇంట్లో రెండో గోడగడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కి పెట్టుకున్నాం. వాడూ, రుక్మాబాయి భర్తా కలిసి దుబాయికి మారి ఎనిమిది నెలలే అయింది. వేళ్లు పాత ఊరే కొట్టాయి. నేనేది అడిగితే దానికే అది జవాబు చెప్పింది.

టైము పదీ పది. రుక్మాబాయికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను.

"పత్తి ఏరబోయి ఉంటది. ఫోను ఇంట్ల పెట్టి పోతరు," అన్నాడు పెద్దాయన. డ్రైవర్ దగ్గరికి పోయి జర తేజ్ నడపమని కూడా చెప్పాడు.

పది నలభైకి ఇచ్చోడలో దిగి, బేరం ఆడకుండా ఆటో ఎక్కాను. పద్నాలుగు కిలోమీటర్లు, సగం మట్టిరోడ్డు. పల్లెలో ఇంటికి తాళం. పక్కింటామె చెయ్యెత్తి చేను చూపించింది. పత్తిచెట్ల మధ్య పరుగెత్తి వెళ్లేసరికి పదకొండు పదిహేను. నడుముకు కట్టుకున్న ఒడి నిండా పత్తితో ఉంది రుక్మాబాయి.

"తప్పు నాదే, చెల్లె. టైము తప్పు జెప్పిన. దుబాయికి గంటన్నరనే తేడా. ఇంక పావుగంటనే ఉన్నది," అన్నాను.

ఆమె ఒడి విప్పి చేనులోనే పెట్టి నాతో వచ్చింది. సిగ్నల్ కోసం మళ్లీ ఆటో ఎక్కి రోడ్డు దాకా రావలసి వచ్చింది. పదకొండు ఇరవై తొమ్మిదికి లింకు తెరుచుకుంది. తెలుగు తెలిసిన ఒకాయన జడ్జి మాట చెప్పి, ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగాడు. ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"ఎవ్వల బలవంతం లేదు. గాయన కావాలని జెయ్యలే. మాఫ్ చేసిన," అంది. నేను ఆటో మెట్టు మీద కూర్చున్నాను.

ఒంటిగంటన్నరకు ఇచ్చోడలో తిరుగు బస్సు దొరికింది. నేరడిగొండ దగ్గర వకీలు మెసేజ్ వచ్చింది. కోర్టులో మాఫీ రాసుకున్నారట, తమ్ముడిని వారంలో వదిలేస్తారట. పక్కవాళ్లు చూస్తున్నా ఏడ్చాను. ఎంత దూరపు మనిషి మీద ఎంత ఆధారపడ్డామో అప్పుడు తెలిసింది. నిర్మల్ చేరకముందే రుక్మాబాయి ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు పొద్దుగాల దుబాయికి గంటన్నరనే అన్నవు గద. దవాఖాన కాయితం మీద మా ఆయన పోయింది పగటీలి రెండు యాభైకి అని ఉన్నది. గప్పుడు ఈడ ఎంతయితది?"

ఈసారి ఊరి పేరు రెండుసార్లు చూసి కొట్టాను. "నాలుగు ఇరవై."



"గా దినం పొద్దుగాల ఫోన్ల కొట్లాడినం. నాలుగున్నరకు నేనే మల్ల చేసిన. ఐదు దాక చేసిన, ఎత్తలే. సౌదీ లెక్కనే రెండున్నర గంటలు కలిపి ఐదు ఇరవైకి పోయిండని లెక్క గట్టుకున్న. పాణముండి ఎత్తలేదనుకున్న ఇన్ని దినాలు."

బస్సు చప్పుడులో ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

"నాలుగు ఇరవయ్యేనా అక్కా? ఇంకోపారి చూసి చెప్పు," అంది.

మళ్లీ చూసి చెప్పాను.