నాయన తోలమన్న వాన

వానలకు మొహం వాచిన రాప్తాడు పక్క పల్లెలో పుట్టి, తుంపర పడితే గంతులేసిన నేను ఉద్యోగానికి పోయి పోయి సముద్రం మీద పడ్డాను. పంతొమ్మిది వందల అరవైల్లో ఒక సరుకు ఓడలో రేడియో ఆపరేటర్ని.

నడిసముద్రంలో ఆకాశం చూసి చెప్పే జోస్యం ఓడను కాపాడదు. తీరంలోని వైర్‌లెస్ కేంద్రం వేళ తప్పకుండా మోర్స్ సంకేతాల్లో వాతావరణ సమాచారం పంపేది. మొదట తుపాను హెచ్చరిక, తర్వాత ఏ వైపు గాలి ఎంత, కెరటాలు ఎంత అన్న వివరం. దూరాన మెరుపులుంటే చెవుల్లో జొన్నలు వేయించినట్టు చిటపటలు. వాటి మధ్య నుంచి ఒక్కో అక్షరం ఏరి, పెన్సిల్‌తో రాసి కెప్టెన్‌కు ఇచ్చేవాణ్ని. ఆయన పటం మీద తుపానును గుర్తించి, ఓడను దూరంగా తిప్పించేవాడు.

ఇదంతా సెలవులో నాయనకు చెబితే నవ్వినాడు. "ఏమప్పా, వానలన్నీ నీ చెవిలోనే పడతాయంటివి కదా. ఒగదాన్నన్నా మన చేను పక్కకు తోలరాదా?"

నవ్వాడే గానీ ఆ ఏడు ఆయన ప్రాణమంతా ఆ చేనులోనే ఉంది. శనక్కాయ ఊడలు దిగే సమయం. వాన లేక నేల గట్టిపడితే ఊడ మట్టిలోకి దిగదు, కాయ పట్టదు. పంట పోతే ఎద్దులను అమ్ముకోవాల్సిందే.

నేను ఓడెక్కిన కొద్ది రోజులకే బంగాళాఖాతంలో తుపాను లేచింది. "ఉత్తరానికి పోతే బాగుండు," అన్నాడు కెప్టెన్. నేను తలూపాను. లోపల మాత్రం పడమటికి, పడమటికి అని మొక్కుకున్నాను. తీరం దాటితే మా చేనే కదా! తర్వాతి సమాచారంలో అది పడమటికి తిరిగిందని విన్నప్పుడు, సంతోషంతో నొక్కి రాశానేమో, పెన్సిల్ ముల్లు విరిగింది.

మా రేడియో గది గడియారం మీద కొన్ని నిమిషాలకు ఎర్ర రంగు ఉండేది. ఆపదలో ఉన్నవాళ్ల సన్నటి పిలుపు వినబడాలని, అప్పుడు ఓడలన్నీ సందేశాలు పంపడం ఆపి వినాలి. ఆ మధ్యాహ్నం ఆ నిశ్శబ్దంలో ఒక చిన్న ఓడ పిలిచింది. పడమటికి తిరిగిన ఆ తుపానుకూ తీరానికీ మధ్య చిక్కుకుంది. వెంటనే జవాబిచ్చాను, కెప్టెన్‌కు చెప్పాను. మేం చాలా దూరంలో ఉన్నాం. దగ్గరి ఓడలు వెతికాయి. తర్వాతి ఎర్ర నిమిషాల్లో ఎంత చెవులు రిక్కించినా అది మళ్లీ పలకలేదు.

నా మొక్కుకు తుపాను తిరిగిందని నమ్మేంత పిచ్చివాణ్ని కాను. కానీ తిరిగిందని మురిసింది మాత్రం నేనే.

పంట పీకే వేళకు ఇంటికి పోయాను. ఎద్దులు కొట్టంలోనే ఉన్నాయి. నాయన ఉడకబెట్టిన శనక్కాయలు నా దోసిట్లో పోశాడు.

"తోలమంటే నిజంగానే తోలినావు కదప్పా! తిను, నీ వానకు కాసిన కాయలే ఇవి."

ఒకటి నోట్లో వేసుకున్నాను. మిగతావి దోసిట్లో అట్లే పట్టుకుని నిలబడ్డాను.

"ఏమప్పా, బాగలేవా?"

"బాగుండాయి నాయనా," అని ఇంకొకటి ఒలిచాను.