తానం కాదు బిడ్డా

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో వరంగల్‌లో బట్టల మిల్లులో పనిచేసేదాన్ని. బాప్తిస్మం తీసుకోవాలని ఉపవాసాలుండేదాన్ని, తెల్లారకముందే లేచి ప్రార్థించేదాన్ని. ఒక్క పొద్దు తప్పినా ఇంకా యోగ్యురాలిని కాలేదని వాయిదా వేసుకునేదాన్ని. ఒళ్లూ మనసూ అలిసిపోయాయి.

చివరికి అమ్మ పోరు పడలేక, ఒక ఆదివారం హసన్‌పర్తి చెరువులోకి దిగాను. పాస్టరయ్య నా వీపు వెనక చెయ్యి పెట్టి, "ఎనకకు వాలు బిడ్డా" అన్నారు. నేను వాలలేదు. ముక్కు మూసుకుని నా అంతట నేనే ముందుకు మునిగాను. కాలు జారింది. నీళ్లు మింగి, ఆయన అంగీ పట్టుకుని లేచేసరికి గట్టు మీద సంఘంవాళ్లు పాడుతున్న పాట ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయిపోయిందా అయ్యగారూ?" అన్నాను దగ్గుతూ.

"నీ అంతట నువ్వు మునిగితె అది తానమైతది బిడ్డా, బాప్తిస్మం కాదు. జర ఒళ్లు వదులు. నేను పట్టుకుంట."

సిగ్గుతో చచ్చిపోయాను. బిగబట్టుకునే ఓపిక కూడా మిగల్లేదు. ఆయన చేతి మీద వాలిపోయాను. ఆయనే ముంచి, ఆయనే లేపారు.

ఆ అలసట ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా వీపు కింద ఆ చెయ్యి గుర్తొస్తుంది. కృప గురించి నాకు తెలిసింది అంతే. ఆ రెండోసారి నన్ను ముంచిందీ నేను కాదు, లేపిందీ నేను కాదు.