బొట్టు పెట్టిన బొమ్మలు

సముద్రం ఒడ్డున యారాడలో సీతాలు చేతి రాత లేని పడవలు తక్కువ. పెళ్ళికి ముందు నాన్న పడవ మీద పేరు రాసింది. అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి. పక్క పడవవాళ్ళు వచ్చి తమకూ రాయమన్నారు. పేరు పక్కన చేప వేసింది. చేపకు కన్ను పెట్టింది. ఆ కన్ను చూసి ఇంకో పడవ వచ్చింది.

తర్వాత గోడలు. ఊరు అందంగా కనబడాల్సి వచ్చినప్పుడల్లా కాంట్రాక్టరు పిలిచేవాడు. గోడల మీద తాబేళ్ళు, డాల్ఫిన్లు వేసేది. కింద కాంట్రాక్టరు ఫోన్ నంబరు ఉండేది. సీతాలు పేరు ఉండేది కాదు. మరుసటి ఏడాది వాటి మీద కొత్త రంగు పడేది.

ఇంట్లో కాన్వాసు మీద వేసుకున్నవి మాత్రం ఏడు మిగిలాయి. మూల మీద పేరు పెట్టుకుంది. చిన్నగా పెట్టి, సరిపోలేదనిపించి, మళ్ళీ కొంచెం పెద్దగా పెట్టింది.

పట్నం బీచ్ రోడ్డులో ఒక చిన్న హాలు ఉంది. కొత్త పెయింటర్ల బొమ్మలు శని, ఆదివారాలు అక్కడ పెట్టనిస్తారని షబ్నం చెప్పింది. షబ్నంది వన్ టౌన్. పాత ఇళ్ళ బాల్కనీలు వేస్తుంది. గోడల పనిలో ఇద్దరూ ఒకే నిచ్చెన ఎక్కినవాళ్ళు.

గోడల పని ఆగిపోయింది. ఏటా వచ్చే చేపల వేట నిషేధం దగ్గరకొచ్చింది. మొగుడు తాతబాబు పడవ ఒడ్డెక్కితే ఇంట్లో ఇంకో చెయ్యి ఆడాలి. రొయ్యల కంపెనీ వ్యాను పనివాళ్ళ కోసం ఊళ్ళోకి వస్తుంది. సోమవారం నుంచి ఎక్కుతానని సీతాలు మాటిచ్చింది.

"ఒక్క బొమ్మ అమ్ముడైతే ఎక్కను బావా," అంది.

"ఒక్కటి సాలు," అన్నాడు తాతబాబు. "ఒక సేప పడితే ఇంకోటి ఉన్నట్టే."

సీతాలు అక్క ఆ కంపెనీలో మంచు మధ్య రొయ్యలు ఒలుస్తుంది. సాయంత్రానికి చెంచా కూడా జారిపోయే చేతులు అవి. తనవీ అలా అయితే కుంచె ఎలా పట్టుకోవాలో సీతాలు ఆ చేతుల్ని చూసి చాలాసార్లు ఆలోచించింది.

శనివారం ఏదీ పోలేదు. జనం వచ్చారు, తల ఊపారు, ధర అడిగి ఇంకా ఎక్కువగా తల ఊపారు. షబ్నంవి రెండు పోయాయి. హాలు ఆయన వచ్చి ఒక్కో దాని కింద ఎర్రటి చుక్క స్టిక్కరు అంటించి వెళ్ళాడు. అమ్ముడైందని గుర్తు. సీతాలు ఆ చుక్కల్ని రోజంతా చూస్తూ కూచుంది.

ఆదివారం పొద్దున్నే అత్త గంగాలమ్మ వచ్చింది. చేపలు అమ్మేసి, ఖాళీ గంప చంకన పెట్టుకుని, సరాసరి హాల్లోకి. గంప తలుపు వెనక పెట్టింది. గోడలన్నీ ఒకసారి చూసింది.

"నువ్వెల్లి టీ తాగిరాయే గుంటా. మొకం పీక్కుపోనాది. నానుంటాను."

సీతాలు వెళ్ళింది. టీ తాగింది. రోడ్డవతల సముద్రాన్ని కాసేపు చూసింది. తిరిగి వచ్చింది.

ఏడు బొమ్మల కింద ఏడు ఎర్ర చుక్కలు.

ఆమె ద్వారంలోనే ఆగిపోయింది. మళ్ళీ బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చింది. చుక్కలు అక్కడే ఉన్నాయి. గంగాలమ్మ బయట బల్ల మీద గోడకు ఆనుకుని నిద్రపోతోంది. హాలు ఆయన కనబడలేదు. ఫోన్ తీసింది.

"బావా. అయిపోనాయి."

"ఏటి?"

"అన్నీని!"

అవతల వలల దగ్గర తాతబాబు ఫోన్ పక్కన పెట్టకుండానే ఒడ్డంతటికీ వినబడేలా కేక పెట్టాడు. ఎవరో ఈల వేశారు. "ఏడూనా? ఏడూ అంట్రా!" అని ఎవరో అరుస్తున్నారు. సీతాలుకు నవ్వు ఆగలేదు. గోడ వైపు తిరిగి నవ్వుకుంది. గోడకు ఏం తెలుసని ఇంకా నవ్వొచ్చింది.

అంతలో ఒకాయన వచ్చాడు. పోర్టులో క్రేన్ ఆపరేటరు, గాజువాక మనిషి, పేరు అర్జునరావు. మూడో బొమ్మ దగ్గర ఆగి కదల్లేదు. యారాడ కొండ దిగుతుంటే మలుపులో పోర్టు కనబడుతుంది. ఆ పోర్టు బొమ్మ అది. తెల్లవారుజామున క్రేన్లు కొంగల్లా నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. చివరి క్రేన్ క్యాబిన్‌లో ఒక పసుపు రంగు చుక్క.

"ఇది లైటేనా అమ్మా?"

"ఔనండి. లోపల ఎవరో ఒకరుంటారు కదాని ఎట్టినానండి."

"నానే ఉంటాను," అన్నాడాయన. "ఇన్నేళ్ళూ ఆ కిటికీలోంచి సముద్రాన్ని సూసినాను. అటునుంచి నానెలా కనబడతానో ఎప్పుడూ సూళ్ళేదు. మా ఆవిడికి సూపిద్దును." కింద ఎర్ర చుక్క చూశాడు. "అయ్యో. అయిపోనాదా?"

"అన్నీ అయిపోనాయండి," అంది సీతాలు. ఆ మాట నోట్లో బెల్లంలా ఉంది. ఇంకోసారి అంది.

ఆయన బొమ్మను ఇంకాసేపు చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

షబ్నం పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంది. "అరె సీతా! ఎవరు కొన్నారు? హాలు ఆయన్ని అడిగితే నాకు తెలీదంటాడేంటి?" వంగి ఒక చుక్కను దగ్గరగా చూసింది. ఇంకోదాన్ని చూసింది. ఆమె చేయి నెమ్మదిగా నోటి మీదికి వెళ్ళింది.

"సీతా. దీనికి రాయుంది."

చుక్క మధ్యలో చిన్న తెల్లరాయి మెరుస్తోంది. ఇద్దరూ తలుపు బయటికి చూశారు. నిద్రపోతున్న గంగాలమ్మ నుదుట అదే చుక్క. అదే రాయి.

"అత్తా! ఏటి సేసినావు?"

గంగాలమ్మ కళ్ళు తెరిచింది. "ఏటి సేసినాను? పక్కపిల్ల బొమ్మలకి బొట్లున్నాయి. నీయి ఏడూ బోసి మొకాలేసుకుని నిలబడ్డాయి. పెళ్ళికొచ్చినోళ్ళు అటు సూత్తారా ఇటు సూత్తారా? నా పేకెట్టులోంచి తీసి తలోటి ఎట్టినాను. మంచిరాయి బొట్లే."

"అది బొట్టు కాదత్తా. అమ్ముడైపోనాదని గుర్తు!"

గంగాలమ్మ కోడలి మొహం చూసింది. షబ్నం మొహం చూసింది. "ఓలమ్మో," అంది. "మరి ఇందాకల క్రేను బొమ్మ అడిగినాయన? కునుకులో ఇన్నాను."

"ఎల్లిపోనాడు! నానే పంపేసినాను!"

తర్వాత జరిగింది బీచ్ రోడ్డు మీద ఆదివారం నడకకొచ్చినవాళ్ళంతా చూశారు. ముందు సీతాలు పరుగెత్తింది. వెనక గంగాలమ్మ, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని. ఆ వెనక షబ్నం, దుపట్టా గాలిలో. స్టాపులో గాజువాక బస్సు కదులుతోంది. కిటికీలో అర్జునరావు.

గంగాలమ్మ గంపతో వీధులు తిరిగిన మనిషి. మూడో అంతస్తు వంటింట్లోకి దూరే గొంతు అది.

"బాబో! క్రేను బాబో! అమ్ముడవలేదు బాబో! దిగు!"

బస్సు ఆగింది. ఎవర్ని పిలుస్తున్నారో తెలియక ముగ్గురు దిగారు. నాలుగో మనిషి అర్జునరావు.

హాలుకి తిరిగొచ్చాక ఆయన ఫోన్‌తో డబ్బు పంపాడు. సీతాలు ఫోన్ మోగింది. గంగాలమ్మ అది లాక్కుని రెండు కళ్ళకూ అద్దుకుంది. "బోణీ," అంది. తర్వాత ఆమెకు అనుమానం వచ్చింది.

"బేరమాడలేదేటి బాబూ నువ్వు?"

"బొమ్మ కింద సీటీ మీద ధర రాసుంది కదమ్మా."

"రాసుంటే? ఒక మాటనాల కదా." బేరమాడకుండా కొన్నవాణ్ణి వట్టి చేతులతో పంపడం ఆమె వల్ల కాలేదు. చేపలమ్మితే పైన ఒకటి వేస్తుంది. గోడ చివర ఉన్న చిన్న బొమ్మ, గట్టు మీద పిల్లి, తీసి ఆయన చంకలో పెట్టేసింది. "కొసరు."

"అత్తా! అది వేరే బొమ్మ!"

"సిన్నదే కదే."

అర్జునరావు పిల్లిని తిరిగి ఇవ్వబోయాడు. గంగాలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. సీతాలు నవ్వడం మొదలుపెట్టి నేల మీద కూచుండిపోయింది.

మిగిలినవి ఐదు. వాటి చుక్కలు పీకేద్దామని షబ్నం గోరు పెట్టింది. గంగాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎట్టిన బొట్టు తీత్తారేటమ్మా? బతికున్న బొమ్మలకి?"

హాలు ఆయన తల గోక్కుంటూ వచ్చాడు. రాయి ఉన్నది అమ్ముడవలేదు, రాయి లేనిది అమ్ముడైంది అని అందరికీ చెప్పుకోవాలా అన్నాడు.

అప్పుడే ఆటోలో తాతబాబు దిగాడు. చేతిలో లడ్డూల డబ్బా, వెనక ఇంకో ఆటోలో యారాడ. "ఏడూ పోనాయని ఊరంతా సెప్పేసినాను," అన్నాడు సంగతి విన్నాక. డబ్బా ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. "ఇప్పుడేటి సెయ్యాల?"

"ఏటి సెయ్యాల? బొట్టెట్టినాం. పిలవాల," అంది గంగాలమ్మ.

పేకెట్టు తీసుకుని ఫుట్‌పాత్ మీదికి వెళ్ళింది. నడుస్తున్న ఆడవాళ్ళను ఆపి నుదుట బొట్టు పెట్టింది. పెళ్ళికి పిలిచినట్టే పిలిచింది. "మా కోడలు బొమ్మలేసినాదమ్మా. సూసి లడ్డూ తిని ఎల్లండి." బొట్టు పెట్టించుకున్నాక రామని ఎలా అంటారు? వచ్చారు. మొగుళ్ళూ వెనకే వచ్చారు. హాలు పట్టలేదు. షబ్నం బాల్కనీ కూడా ఒకటి పోయింది. సాయంత్రం ఒక డాక్టరమ్మ నుదుటి బొట్టుతోనే, బొమ్మ బొట్టుతోనే, పడవల బొమ్మ పట్టుకుని కారెక్కింది. గంగాలమ్మ కొసరు కోసం గోడ వైపు చూస్తుంటే తాతబాబు అడ్డంగా నిలబడ్డాడు.

సోమవారం రొయ్యల కంపెనీ వ్యాను వచ్చి హారన్ కొట్టింది. గంగాలమ్మ గుమ్మంలోకి వెళ్ళింది.

"మా కోడలు రాదు. పెయింటరు. నువ్వెల్లు."

డ్రైవరు, ఏ కంపెనీలో అని అడిగాడు.

"ఇంట్లోనే," అంది గంగాలమ్మ.

లోపల సీతాలు కొత్త కాన్వాసు గోడకు ఆనించింది. తెల్లగా, ఏమీ లేకుండా ఉంది. కుంచెలు కడుక్కొచ్చేసరికి కింది మూల ఎర్రటి బొట్టు, మధ్యలో రాయి.

"అత్తా, ఇంకా ఏటీ ఎయ్యలేదు!"

"ఎయ్యి మరి," అంది గంగాలమ్మ గంప నెత్తికెత్తుకుంటూ.