రమ్మని రాశామని చదివాను

నా చిన్నప్పుడు బెంగాలీ దేశపు రైల్వే క్వార్టర్లలో, మా ట్రాఫిక్ సెటిల్మెంట్ లైన్లో ఎవరికి తెలుగు ఉత్తరం వచ్చినా చదవడానికి నన్నే పిలిచేవారు. పెద్దవాళ్లు బెంగాలీ, హిందీ గడగడా మాట్లాడేవారు గానీ చాలామందికి ఏ భాషలోనూ అక్షరం రాదు. నేను రైల్వే స్కూల్లో ఐదో తరగతి. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటుంటే కాస్త గర్వంగానే తిరిగేదాన్ని.

పక్కింటి పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. నేను అన్నా అని పిలిచేదాన్ని. సింగపూర్లో ఉన్న దూరపు బంధువు పని చూపిస్తానంటే బయలుదేరాడు. అన్న తండ్రి పెదనాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కొడుకు సముద్రం దాటుతున్నాడని షాపంతా చాటుకుని, తోటివాళ్లను వెంటబెట్టుకొచ్చి, ప్లాట్‌ఫారం మీద దండ వేసి మరీ రైలెక్కించాడు.

పది రోజులకు విశాఖపట్నం రేవు నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లిద్దరి ముందూ కూర్చుని చదివాను. ఎక్కవలసింది పాత సరుకు ఓడట. అడుగున నీళ్లూరుతుంటే మరమ్మతుకని వారం ఆపారట. అది చూసి ఓడలో పనిచేసే ఇద్దరు ముసలి కళాసీలు దిగిపోయారట. ‘నాకు ఎక్కబుద్ధి కావడం లేదు. నాన్న ఒక్క ముక్క రమ్మంటే వచ్చేస్తాను’ అని రాశాడు అన్న. కింద సత్రం అడ్రసు ఇచ్చాడు.

“వచ్చీమని రాసీ అమ్మీ, ఇప్పుడే రాసీ” అంది పెద్దమ్మ. పెదనాన్న తలూపాడు. ఆమె బిందె పట్టుకుని కుళాయికి వెళ్లగానే గొంతు తగ్గించి నాకు వేరే మాటలు చెప్పాడు. “నీళ్లకి బయపడి తిరిగొచ్చినోడికి నా గుమ్మంలో సోటు లేదు. ఎక్కీమను. అలాగే రాయి.” షాపులో నవ్వుతారని ఆయన భయం. నేను ఒక్క తప్పు లేకుండా కార్డు నింపాను. ‘లేదు’ కింద గీత కూడా గీశాను. అది నన్నెవరూ గీయమనలేదు.

పెద్దమ్మ బిందె దింపి, “ఏటి రాసినావు? సదువు” అంది. పెదనాన్న నా వైపు చూసిన చూపు నాకు అర్థమైంది. కార్డు మీద వేలు నడిపిస్తూ, ‘నాయనా, వెంటనే వచ్చెయ్యి, అమ్మ నీకోసం చూస్తోంది’ అని చదివాను. తడబడలేదు. అంత బాగా చదివినందుకు లోపల సంతోషపడ్డాను కూడా. పెద్దమ్మ నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఆ మర్నాటి నుంచి మెయిలు బండి వచ్చే వేళకు రోజూ స్టేషన్‌కు వెళ్లేది.

మూడో వారంలో టెలిగ్రాం వచ్చింది. లైన్ చివర ఉండే బెంగాలీ గుమాస్తా దాదా దాన్ని చదివి, పెదనాన్న భుజం మీద చెయ్యి వేసి, ఓడ మునిగిపోయిందనీ ఎవరూ దొరకలేదనీ హిందీలో చెప్పాడు.

పెద్దమ్మ ఏడవలేదు. “వచ్చీమని రాసినాం కదా! మరి ఎందుకెక్కినాడు?” అని ఒక్కొక్కరి మొహం చూసి అడిగింది.

పెదనాన్న నేల చూస్తూ, “ఈ గుంట అడ్రసు తప్పు రాసేసినట్టుంది. కార్డు ఆడికి అందనేదు” అన్నాడు.

లైన్లో అందరూ నావైపు తిరిగారు. నేను మా ఇంట్లోకి పరుగెత్తాను.

ఆ రోజే మా నానమ్మకు నిజం చెప్పాను.  ఆవిడ, “దానికింక మొగుడొక్కడే మిగిలినాడు. నువ్వు సెప్పీసినావంటే ఆడూ ఉండడు. తప్పు నీమీదే ఉండనీ, నువ్వు సిన్నదానివి, మోస్తావు” అంది. ఆ తర్వాత ఏ ఇంటివాళ్లూ నాచేత ఉత్తరం రాయించలేదు. బడిలో పిల్లలు నన్ను ‘అడ్రసు’ అని పిలిచేవారు.

నేను మెట్రిక్ పాసైన ఏడు పెదనాన్న పోయాడు. ఇక దాచవలసిన అవసరం లేదనుకుని, దినాలయ్యాక పెద్దమ్మ దగ్గరకు వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. ఎదురుగా కూర్చున్నానో లేదో ఆవిడే నా తల మీద చెయ్యి వేసింది. “అప్పుడు నువ్వు పసిదానివమ్మా. తెలీక తప్పు రాసినావు. నాకు నీమీద కోపం నేదు. ఉంటే అప్పుడే పోయింది” అంది.

నేను చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఆమె పోయేదాకా ఆ మాట ఎత్తలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. తల దువ్వుకునేటప్పుడు ఒక్కోసారి ఆ చెయ్యి తగులుతుంది. నేను చేయని తప్పుకు నన్ను క్షమించిన చెయ్యి అది. చేసిన తప్పు నేనామెకు చెప్పనేలేదు.