బాపు ఫిట్టయిన రోజు

మా కాలనీల మనిషి అన్‌ఫిట్ అయితే యాట కోస్తరు. బొగ్గుబాయిల చేసేటాయన జబ్బుతోటి ఇగ పనికి రాడని మెడికల్ బోర్డు రాసిస్తే, ఆయన నౌకరి కొడుక్కు వస్తది. అందుకే గోదావరిఖనిల ఒకల్నొకలు పలకరించుకునుడు గూడ గట్లనే ఉంటది. "ఏం కాకా, అయ్యిందా?" అంటే అన్‌ఫిట్ అయినవా అని. అయితే దావత్. కాకపోతే ఇంటిల్లిపాది మొకాలు మాడిపోతయ్. బయటోళ్లకు చెప్తే నవ్వుతరు. నవ్వనీయుండ్రి, ఆ నౌకరి లేని ఇల్లు ఎట్ల ఎల్తదో వాళ్లకేం ఎరుక.

మా బాపుది టింబర్ పని. బొగ్గు తీసినకాడ కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టుడు. షిఫ్టు దిగివచ్చి ఎంత తోమినా కండ్ల చుట్టూ నలుపు పోయేది కాదు. ఇంటర్ ఫెయిలయి నేను ఊకె తిరుగుతున్న రోజులల్ల మిల్ట్రీ ర్యాలీ పడ్డదంటే, దోస్తులతోటి పోయి ఉరికిన. సెలెక్ట్ అయిన. అవ్వ ఏడ్చింది. బాపు మాత్రం మా క్వార్టర్ల లైన్ అంతా మిఠాయి పంచిండు. "మా ఇంట్ల భూమి కిందికి పోనీకి నేనొక్కన్ని చాలు. వాడన్న పైన మంచిగాలికి బతుకుతడు" అని కనవడ్డోనికల్లా చెప్పుకున్నడు.

మంచిగాలి! నన్ను తీస్కపోయి మంచుకొండ మీద, మట్టి బస్తాలు పేర్చిన గుంతల ఏసిన్రు. నెత్తి మీద దుంగలు, దుంగల మీద రేకు, రేకు మీద రాళ్లు. మొదటిసారి దాంట్లకు వంగి దూరినప్పుడు నాకు నవ్వొచ్చింది. బాపు నన్ను తప్పిచ్చిన బాయి ఇదే గదా అనుకున్న.

లడాయి అంటే ఉరుకుడు, జెండా పాతుడు అనుకునేటోన్ని నేను గూడ. మాకాడ లడాయి అంటే ఎక్కువ కూసునుడే. మంచు కరగబెట్టుకొని తాగుడు, అవతలి దిక్కు నుంచి గుండ్లు పడ్డప్పుడు తల్కాయ మోకాళ్లల్ల పెట్టుకునుడు, ఆగినంక ఎవడున్నడు ఎవడు లేడు చూసుకునుడు. నాతోటి ఒక బిహారోడు ఉండేటోడు. కొత్తగ పెండ్లయినోడు. ఫోన్ కలుస్తలేదని పొద్దుమాపు నా పానం తినేటోడు. ఒకనాడు ఇద్దరం కిందికెల్లి రేషన్ డబ్బాలు మోస్కొస్తున్నం. వాడు నాకు ఎడమ దిక్కు నడుసుకుంట, వాళ్లమ్మ చేసే చేపల కూర గురించి చెప్తున్నడు. గుండు వచ్చి వాని అవతల పడ్డది. నేను లేచి చూసేటాలకు వాడు సగమే ఉన్నడు. నా చెంప మీద నెత్తురు కారుతుంటే వానిదే అనుకొని తుడుచుకున్న. తుడిచినా కొద్దీ వస్తుంటే అప్పుడు ఎరుకైంది, అది నా ఎడమ చెవిల నుంచి వస్తున్నదని.

ఆ చెవికి వినికిడి మళ్ల రాలె. చానా రోజులు దవాఖానల పొంటి తిప్పి, ఇగ పనికి రావని ఇంటికి పంపిన్రు. అంటే మా ఇంట్ల మొదలు అన్‌ఫిట్ అయినోన్ని నేనే! ఇంట్ల మాత్రం ఆ మాట చెప్పలె. "విసుగొచ్చింది, నేనే ఇడిసిపెట్టి వచ్చిన" అన్న. ఎందుకంటే అప్పటికే అందరి కండ్లు బాపు నౌకరి మీదున్నయ్. బాపు ఊపిరితిత్తులు ఖరాబయినయ్, బోర్డుకు దరఖాస్తు పెట్టిండు. నాకు పెండ్లాం, చిన్నబిడ్డ. బాపుకు వచ్చే పింఛన్ ఇంట్ల ఏ మూలకూ సరిపోదు. కొడుక్కు వయసు దాటితే నౌకరి ఇయ్యరు, నాకు దాటనీకి ఎక్కువ రోజులు లేవు. బాపు పరీక్ష తప్పాలె, నౌకరికి తీసుకునేముందు పెట్టే పరీక్ష నేను గెలవాలె. డాక్టర్ పెదవులు చూసుకుంట ఎట్లనన్న గెలుస్త అనుకున్న.

బోర్డు రోజు ఇద్దరం బస్సుల పోయినం. దవాఖాన మెట్లు ఎక్కుకుంట బాపు రెండు మెట్లకోసారి ఆగి రొప్పుతున్నడు. లోపల నాకు సంబరమైంది, ఇంత ఆయాసమున్నోన్ని ఎట్ల కాదంటరు అని. థూ, కన్నతండ్రికి ఊపిరాడకుంటే సంబరపడే గతి పగోనికి గూడ రావద్దు.

బాపు లోపలికి పోయిండు. నేను బెంచీ మీద కూసొని, యాట ఎక్కడ తేవాలె, ఎవలెవల్ని పిలవాలె అని లెక్కలేసుకుంటున్న. చానాసేపటికి బయటికొచ్చిండు. "ఏమైంది బాపూ?" అన్న. "ఫిట్" అన్నడు.

వెనకాల వచ్చిన అటెండరు నన్ను పక్కకు గుంజి, "మీ ముసలాయనకు పిచ్చా అన్నా? ఇంట్లోళ్లు ఊకె దరఖాస్తు పెట్టిచ్చిన్రు, నాకేం లేదు, డ్యూటీకి పంపుండ్రని సార్ల కాళ్లు మొక్కినంత పనిచేసిండు. ఊదే మిషన్ల కండ్లు తేలేసేదాక ఊదిండు" అని చెప్పిండు.

బయట హోటల్ ముందట, నలుగురు చూస్తున్నరన్న సోయి గూడ లేకుంట మీద పడ్డ. "నా బిడ్డ నోట్ల మట్టి కొట్టినవ్! కన్నోడు చేసే పనేనా ఇది?" అని ఒర్రిన. బాపు నన్ను ఒర్రనిచ్చిండు. తర్వాత నా భుజం పట్టుకొని మెల్లగ తన దిక్కు తిప్పుకున్నడు. కుడి చెవి తన ముందుకు వచ్చేటట్టు.

"నెల సంది నేను నీ ఎడమ దిక్కు నిలబడి పిలుస్తున్నరా. ఒక్కపారి తిరగలె. నీ బిడ్డకు గూడ ఎరుకైంది, కుడి దిక్కే వచ్చి మాట్లాడుతది" అన్నడు.

నా చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది.

"బాయిల కండ్లు ఎందుకూ పనికి రావు బిడ్డా. కప్పు కూలేముందు చిటచిట అంటది. గడ్డపారతోటి కొడితే గట్టిగున్నకాడ ఖంగుమంటది, పగులుంటే డొల్లగ పలుకుతది. అది వినే మేము బయటికొస్తం. రెండు చెవులున్నోళ్లే నా కండ్ల ముందట ఎందరో పోయిన్రు. ఒక్క చెవితోటి నిన్ను ఎట్ల దింపుతరా?"

"పైన పని ఇస్తరేమో!"

"ఇయ్యరు. కొత్తోన్ని కిందికే పంపుతరు. పోనీ చెవి లేదని చెప్తవా? నౌకరే రాదు" అన్నడు బాపు. ఆయన చెప్పిందాంట్ల అబద్ధం లేదు. అందుకే ఇంకా ఎక్కువ మండింది నాకు.

చానా నెలలు ఆయనతోటి మాట్లాడలె. రిటైరయ్యేదాక, ఆ ఊపిరితిత్తులతోటే, ఆయన బాయి దిగిండు. నేను బస్టాండు కాడ బట్టల షోరూం ముందట వాచ్‌మన్‌గ కుదిరిన. బెల్టు, టోపీ పెట్టుకొని చీరలు కొనవచ్చేటోళ్లకు సెల్యూట్ కొడుతున్న. అవ్వ ఇద్దరి నడుమ అన్నం పళ్లేలు పెట్టుకుంట, తలుపు చాటుకు పోయి ఏడ్చేది.

ఆఖరికి మంచం పట్టినంక బాపుకు గొంతు లేవకుంటయింది. మంచం పక్కన కూసొని, కుడి చెవి ఆయన నోటికాడ పెట్టి వినేటోన్ని. ఒకనాడు మాపటీలి, "ఇంకా కోపమున్నదారా నా మీద?" అన్నడు.

లేదని చెప్దామనుకున్న. "ఉన్నది బాపూ. మిల్ట్రీకి పోయింది నేను. సావాలంటే నేను సావాలె. నా పానం కోసం నీ పానం ఎందుకు తీసుకున్నవ్?" అన్న. ఏడుపాగలె నాకు.

ఆయన ఊపిరి కూడగట్టుకోనీకి చానాసేపు పట్టింది.

"కోపమున్నా బతికున్నవ్ గదరా. నాకు గంతే కావాలె" అన్నడు.

వారం తిరగకుంటనే పోయిండు. కోపమైతే నాకు ఇంకా ఉన్నది.