కత్వ తీసిన మృగశిర

నేరేడ్‌మెట్‌లో మా ఇంటి వెనక సందు దాటితే వాగు. దానికి అడ్డంగా పాతకాలపు రాతికట్ట ఒకటి ఉండేది. అలాంటి చిన్న ఆనకట్టను మా వైపు కత్వ అంటారు. దాని కింద ఇప్పుడు పొలాలు లేవు, అన్నీ అపార్ట్‌మెంట్లే. వాన పడితే నీళ్లు వెనక్కి తన్ని సెల్లార్లలోకి వస్తున్నాయని కాలనీవాళ్లు మొరపెట్టుకోగా పెట్టుకోగా, చివరికి దాన్ని తీసేయాలని అధికారులు తేల్చారు. తీయడం తప్పని నేనెప్పుడూ అనలేదు. తీసిన తీరు తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

పనికి ముందు కాలనీ హాల్లో మీటింగ్ పెట్టారు. ఇంజనీరు తెర మీద బొమ్మలు చూపించారు. హెల్మెట్లు, బూట్లు, కత్వను పగలగొట్టే మెషిన్ చుట్టూ కట్టే ఎర్ర రిబ్బను, అన్నీ ఉన్నాయి. పని ఏ రోజో చెప్పగానే నేను లేచి, ఆ రోజు మృగశిర కదండీ అన్నాను. కార్తె మొదలైన రోజు మా ఇళ్లలో చేప తినకుండా పొద్దు గడవదు. ఆ రోజు బజార్లో నిలబడడానికి కూడా చోటుండదు. మీరేమో కత్వ వెనక మడుగు ఖాళీ చేస్తారు, చేపలు బురదలో కొట్టుకుంటుంటాయి, బస్తీ మొత్తం దిగుతుంది. ముందు నీళ్లు మెల్లగా వదలండి, ఒడ్డున కంచె కట్టండి, బస్తీలో చాటింపు వేయించండి అని విడమరిచి చెప్పాను. కోస్తా నుంచి వచ్చిన ఆ ఇంజనీరు తమ ఊళ్లో ఈ ఆనవాయితీ లేదన్నారు. సరే, ఆయనకు తెలియదు. పక్కనే కూర్చున్న కాంట్రాక్టరు ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఏటా మృగశిరకు చేపలు తిన్నవాడు. నోరు విప్పితే వాడి సొమ్మేం పోయింది? నా మాట దున్నపోతు మీద వాన అయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇంటికొచ్చాక మా ఆయన కూడా ఎగతాళి చేశారు.

ఆ రోజు పొద్దున్నే బోయిగూడ నుంచి మా వదిన వచ్చింది. మా అన్న భార్య. కుట్టుమిషన్ తొక్కి ఇల్లు నడిపే మనిషి. మృగశిరకు మా ఇంటికి వచ్చి పులుసు వండడం ఆమెకు అలవాటు. వాగు వైపు వెళ్లొద్దని చెప్పి నేను చింతపండు నానబెడుతున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి వదినా లేదు, వంటింట్లో పెద్ద గిన్నే లేదు.

పరుగెత్తాను. అప్పటికే కత్వ నడుమ గండి కొట్టారు, నీళ్లు పోయాయి. నేను భయపడినట్టే మడుగు నిండా జనం. ఎర్ర రిబ్బను మాత్రం మెషిన్ చుట్టూ భద్రంగా ఉంది. చేపలన్నీ కట్ట మొదట్లో మిగిలిన నీళ్లలోకి చేరాయి. ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు లోతూ అక్కడే. వదిన అక్కడే నడుము దాకా దిగబడి ఉంది, పైన మెషిన్ మిగిలిన కట్టను కొడుతూనే ఉంది. ఒక రాయి జారి ఆమె పక్కన బురదలో పడింది. ఒడ్డున నిలబడ్డ సూపర్‌వైజరును పట్టుకుని మెషిన్ ఆపించమన్నాను.

"ఆపుమని పైకెల్లి చెప్పలే మేడమ్," అన్నాడు. పైవాళ్ల దగ్గర్నుంచి మాట రావాలట.

అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ అరుపులకు మెషిన్ నడిపేవాడే ఆపేశాడు. సందు మొదట్లో, కాలనీ కల నెరవేరిందంటూ నాయకుల నవ్వు మొహాలతో కట్టిన ఫ్లెక్సీ ఉంది. బస్తీవాళ్లు దాన్ని కట్టెల చట్రంతో సహా పీకి బురద మీద పరిచారు. దాని మీద పాకుతూ వెళ్లి వదిన చంకల కింద చీర వేసి లాగాము. ఏ నాయకుడి మొహం మీద మోకాళ్లు ఆనించానో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మనిషి బయటికి వచ్చింది గానీ, బురదలో ఇరుక్కున్న కాలు మెలిపడి ఎముక విరిగింది.

సాయంత్రం ఇంజనీరు ఆసుపత్రికి వచ్చారు. రానందుకు తిట్టడానికి సిద్ధంగా ఉన్న నాకు ఆయన రావడమే కొంచెం నయమనిపించింది, నోరు తెరిచేదాకా. జనానికి క్రమశిక్షణ లేదన్నారు. తమ వైపు నుంచి సేఫ్టీ అంతా పాటించామని, భగవంతుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదని అన్నారు. ఎవరికీ అంటే, పనివాళ్లలో ఎవరికీ అని ఆయన లెక్క.

కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని వదిన అంతదాకా గోడ వైపు చూస్తూ పడుకుంది. అప్పుడు ఇటు తిరిగింది.

"మరి నేనెవర్ని సార్?" అంది.

ఆయన ఫోను మోగింది. మాట్లాడి వస్తానని బయటికి వెళ్లారు. మళ్లీ లోపలికి రాలేదు.