మూడో ట్యూబు సాయమ్మది

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెల మొదటి సోమవారం, నారాయణగూడలోని మా జన్యు పరీక్షల ల్యాబులో నన్ను క్రోమోజోముల విభాగానికి సీనియర్ టెక్నాలజిస్టుగా వేశారు. అంతకుముందు పాతికేళ్లకు పైగా అదే బల్ల దగ్గర పనిచేశాను. హోదా మారింది గానీ సంతకం చేసే అధికారం మాత్రం రాలేదు. కణాలను పెంచడం, స్లైడు వేయడం, లెక్కపెట్టడం మా పని. రిపోర్టు మీద సంతకం డైరెక్టరు గారిది. అందులో ఏముందో రోగికి చెప్పడం పంపించిన డాక్టరు పని. నాకు కోపం కాస్త ఎక్కువ. స్లైడు మీద వేలిముద్ర కనిపించిందంటే జూనియర్లకు ఆ పూట గడవడం కష్టంగా ఉండేది.

ఆ నెలలోనే చిక్కడపల్లిలోని ఒక నర్సింగ్ హోమ్ నుంచి యాదమ్మ అనే అమ్మాయి రక్తం వచ్చింది. వయసు ఇరవై నాలుగు, మూడుసార్లు గర్భం పోయింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటూ, భర్త కిష్టయ్యతో కలిసి కట్టడం పనులకు వెళ్తుంది. ఫారంలో ఆమె పేరు ఒక్కటే ఉంది. అలాంటి కేసుల్లో భార్యాభర్తలిద్దరినీ చూడాలని పుస్తకాల్లో ఉంటుంది. మాకు వచ్చేది మాత్రం ఎక్కువగా భార్య ట్యూబే. మేమూ ఏమీ అడిగేవాళ్లం కాదు.

రక్తంలోని తెల్లకణాలను మూడు రోజులు ఇంక్యుబేటర్లో పెంచి, అవి విభజనకు సిద్ధమై క్రోమోజోములు విడివిడిగా కనిపించే దశలో మందు వేసి ఆపేస్తాం. స్లైడు మీద రంగు వేస్తే ఒక్కో క్రోమోజోముకు ఒక్కో తీరు చారలు తేలతాయి. మనిషికి ఇరవై మూడు జతలు, అంటే నలభై ఆరు. ఇరవై కణాల్లో లెక్క సరిపోవాలి. ఇద్దరం వేర్వేరుగా చూసి ఒకే మాట చెబితేనే కాగితం డైరెక్టరు గారి బల్ల మీదికి వెళ్తుంది. యాదమ్మకు నలభై ఆరూ సరిగ్గా ఉన్నాయి. నార్మల్ అని టైపు చేయించి ఫైలు మూసేశాను.

రిపోర్టు కోసం యాదమ్మ, ఆమె అత్త సాయమ్మ వచ్చారు. నార్మల్ అంటే ఏమిటని సాయమ్మ అడిగింది. దోషమేమీ లేదని చెప్పాను.

"రోగం లేదంటే మందు గూడ లేదన్నట్టే గద మేడమ్. ఇంకెన్నొద్దులు సూడాలె? పిల్లను సూసి పెట్టిన. నా కొడుక్కి ఇంకో లగ్గం జేస్త" అంది.

నేను మంచి వార్తే చెప్పాననుకున్నాను. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడిన యాదమ్మ నా వైపు చూసి, "మేడమ్, ఆయనకు గూడ జూడున్రి" అంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను అడగని ప్రశ్న ఆ పిల్ల అడిగింది. సిగ్గేసింది. నర్సింగ్ హోముకు ఫోన్ చేసి కిష్టయ్య పేరున ఫారం తెప్పించాను.

అతను రావడానికే వారం పట్టింది. సిమెంటు బస్తా మూడో అంతస్తుకు ఒక్కణ్నే మోస్తానని, తనకే బీమారీ లేదని వాదించి, మొహం పక్కకు తిప్పుకుని రక్తం ఇచ్చాడు. అతని మొదటి కణంలో నలభై అయిదే ఉన్నాయి. స్లైడు పాడైందనుకున్నాను. ఇరవై కణాల్లోనూ అంతే. పదమూడో నంబరు క్రోమోజోము ఒకటి, పద్నాలుగో నంబరుది ఒకటి అతుక్కుని ఒకటిగా ఉన్నాయి. సరుకు తగ్గలేదు, అందుకే మనిషి దుక్కలా ఉన్నాడు.

రిపోర్టు కోసం ఈసారి ముగ్గురూ వచ్చారు. వివరించాల్సింది డాక్టరే. నేను ఆగలేకపోయాను. అమ్మ ముందు చెప్పమంటావా అని కిష్టయ్యను అడిగితే, "చెప్పున్రి, ఆమెకు తెల్వకుంట మా ఇంట్ల ఏముంటది" అన్నాడు.

ల్యాబు గుమ్మం బయట విడిచిన చెప్పుల్లోంచి ఒక పెద్ద జోడు, ఒక చిన్న జోడు తీసుకున్నాను. పెద్దవాటిలో ఒకటి, చిన్నవాటిలో ఒకటి కలిపి దారంతో కట్టి, అతని రెండు జతలు ఇలా ఉన్నాయన్నాను. బిడ్డకు బీజం తయారయ్యేటప్పుడు జతలు విడిపోయి, జతకు ఒక్కటి చొప్పునే వెళ్లాలి. దాన్ని క్షయకరణ విభజన అంటారు. రెండు సంచులిచ్చి, ఒక్కోదాంట్లో ఒక పెద్దది, ఒక చిన్నది వచ్చేలా పంచమన్నాను. కిష్టయ్య కట్టిన జంటను ఒక సంచిలో, విడిగా ఉన్న రెండూ ఇంకోదాంట్లో వేశాడు. ఇలా జరిగితే బిడ్డ నిలుస్తుందన్నాను. చూడకుండా పంచమంటే ఈసారి కట్టిన జంటతో పాటు పెద్దది కూడా ఒకే సంచిలో పడింది. రెండో సంచిలో చిన్నది ఒక్కటే మిగిలింది. ఇలా పడితే చాలాసార్లు గర్భం నిలవదన్నాను. అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సాయమ్మ అడిగింది: "గిది వీనికి ఏడికెల్లి వచ్చింది?"

తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ రావచ్చు, అరుదుగా కొత్తగానూ పుడుతుందని చెప్పాను. సాయమ్మ కొంగు సర్దుకుని నా బల్ల దగ్గరికి జరిగింది.

"నాకు నలుగురు కడుపులనే పోయిండ్రు మేడమ్. వీడు పుట్టకముందే నా మొగడు ఇంకోదాన్ని తెచ్చుకుండు. ఆమెకూ ఇద్దరు పోయిండ్రు. నా కండ్లు తగిలినయన్నరు. ఆమె గూడ గదే నమ్మింది. నా రక్తం గూడ తియ్యి."

డాక్టరు ఫారం లేకుండా ట్యూబు తీసుకోవడం నిషేధం. డైరెక్టరు గారికి సంగతంతా చెప్పాను. ఆయనా డాక్టరే, తానే ఫారం రాసి సంతకం పెట్టారు. ఆమెవి ఇరవైకి బదులు ముప్పై కణాలు చూశాను. అన్నిట్లోనూ నలభై ఆరు. ముగ్గురూ మళ్లీ వచ్చినప్పుడు ఆ మాట చెప్పాను.

"అట్లయితే గది నా మొగనిదే గద. జర రాసియ్యి" అంది సాయమ్మ. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మేం చూడని రక్తం గురించి రాయకూడదు. రాసివ్వాలనే నాకూ అనిపించింది. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. ఆయన మాటే సరైనది, అయినా ఆ రోజు నాకు ఆ నియమం మీద ఒళ్లు మండింది. సాయమ్మ మాత్రం పట్టుబట్టలేదు. తన రిపోర్టు నాతో మూడుసార్లు చదివించుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఆ పిల్ల ఇంటోళ్లకు ఫోన్ జేసి వద్దని చెప్పు" అంది. యాదమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

వెళ్లబోతూ సాయమ్మ మళ్లీ నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, గీ కాయిదం ఇంకోటియ్యి. ఊర్ల చిన్నామె, గదే నా సవతి, బతికే ఉంది. ముప్పయ్యేండ్లాయె మా ఇద్దరికి మాటల్లేక. నా కండ్లు తగల్లేదని ఆమెకు సూపియ్యాలె."

రెండో ప్రతికి దరఖాస్తు కావాలి. నేనే రాసి, ఆమెతో వేలిముద్ర వేయించి, స్టాంపు కొట్టి ఇచ్చాను.

ఆ తర్వాత ఫారంలో భార్య పేరొక్కటే ఉంటే, భర్త ట్యూబు ఏదని ఫోన్ చేసి అడిగేదాకా ఇంక్యుబేటర్ తలుపు తెరవనిచ్చేదాన్ని కాదు. బిడ్డకు సగం క్రోమోజోములు తండ్రివేనని ఏటా కొత్త టెక్నీషియన్లకు పాఠం చెప్పాను. అలా చెబుతూనే పాతికేళ్లు తల్లి రక్తం ఒక్కటే చూసి ఫైళ్లు మూశాను. వాటిలో ఎన్ని నార్మల్ రిపోర్టులు ఎన్ని ఇళ్లలో ఇంకో పెళ్లికి దారితీశాయో నాకు తెలియదు.